పాత డిస్క్ ఇంటర్‌ఫేస్‌ల వేగాన్ని సరిపోల్చే పద్ధతి: లెక్క నుంచి కొలత దాకా

తెలుగునాట డీటీపీ మొదలైన తొలి రెండు దశాబ్దాల్లో కూర్చిన పుస్తకాలు, పత్రికల పేజీలు, శుభలేఖలు చాలానే ఇప్పటికీ పాత ఐడీఈ డిస్కుల్లోనే (వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో కలిపే పాత రకం) ఉండిపోయాయి. వాటిని బయటికి తీయడానికి కూర్చున్న ప్రతివారికీ మొదట వచ్చే సందేహం, ఇదంతా కాపీ కావడానికి ఎంతసేపు పడుతుందన్నదే. అందుకోసం ఇంటర్‌ఫేస్, అంటే డిస్కును కంప్యూటర్‌కు కలిపే మార్గం, పేరు పక్కనున్న అంకెను చూస్తారు. ఒకచోట 133 అని ఉంటుంది, ఇంకోచోట 160, మరోచోట 480. ఆ అంకె కేబుల్ మీద గరిష్ఠంగా ఎంత డేటా పోగలదో చెబుతుంది, డిస్క్ ఎంత ఇవ్వగలదో చెప్పదు. ఈ రెండింటినీ విడదీయకుండా చేసిన ఏ పోలికా నిలవదు. కాబట్టి ముందు కాగితం మీద లెక్క కట్టి, ఆ తర్వాత కొలిచి, రెండింటి మధ్య తేడాకు కారణం వెతికే క్రమంలో ఈ మార్గదర్శి సాగుతుంది.

మొదటి మెట్టు: అంకెలన్నిటినీ ఒకే కొలమానంలోకి తేవాలి

యూఎస్‌బీ, ఫైర్‌వైర్, సాటా వేగాలను బిట్లలో చెబుతారు. ఐడీఈ, స్కజీ వేగాలను బైట్లలో చెబుతారు. ఇవన్నీ డిస్కును కంప్యూటర్‌కు కలిపే రకాలే; ఎనిమిది బిట్లు ఒక బైటు, ఎంబీ అంటే మెగాబైటు. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు అంటే, ఎనిమిదితో భాగిస్తే 60 ఎంబీ అవుతుంది. సాటాకు మాత్రం ఎనిమిదితో భాగించకూడదు. తీగ మీద ప్రతి 8 బిట్ల డేటాను 10 బిట్లుగా మార్చి పంపుతారు కాబట్టి సెకనుకు 1.5 గిగాబిట్ల సాటాను పదితో భాగించాలి, అప్పుడు 150 ఎంబీ వస్తుంది. అదే పద్ధతిలో 3 గిగాబిట్లకు 300, 6 గిగాబిట్లకు 600 ఎంబీ.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. డిస్క్ తయారీదారులు ఎంబీ అంటే పది లక్షల బైట్లుగా లెక్కిస్తారు. ఎన్నో సాఫ్ట్‌వేర్‌లు 10,48,576 బైట్లను ఒక ఎంబీగా చూపిస్తాయి. రెండింటికీ దాదాపు ఐదు శాతం తేడా ఉంటుంది. ఒక పరికరాన్ని ఒక ప్రోగ్రాముతోనూ, ఇంకో పరికరాన్ని మరో ప్రోగ్రాముతోనూ కొలిచి పక్కపక్కన పెడితే, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ వ్యాసంలో ఎంబీ అంటే ప్రతిచోటా పది లక్షల బైట్లే.

రెండో మెట్టు: ఇంటర్‌ఫేస్ గరిష్ఠ వేగాన్ని మీరే లెక్కకట్టాలి

పట్టికలు చూసి రాసుకోవడం కన్నా లెక్క కట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే లెక్క తెలిసినవారికి ఆ వేగం ఎందుకు తగ్గుతుందో కూడా తెలుస్తుంది. ఒకేసారి చాలా తీగల మీద బిట్లు పంపే సమాంతర ఇంటర్‌ఫేస్‌లన్నిటికీ సూత్రం ఒక్కటే: ఒక్కో విడతలో పోయే బైట్ల సంఖ్యను, సెకనులో జరిగే విడతల సంఖ్యతో గుణించాలి.

ఐడీఈ కేబుల్ మీద ఒక విడతలో 16 బిట్లు, అంటే రెండు బైట్లు పోతాయి. ప్రాసెసరే స్వయంగా డేటాను మోసే పీఐఓ పద్ధతిలో, సున్నా మోడ్‌లో ఒక విడతకు 600 నానోసెకన్లు పడుతుంది కాబట్టి వేగం సెకనుకు 3.3 ఎంబీ. పీఐఓ నాలుగో మోడ్‌లో ఆ సమయం 120 నానోసెకన్లకు తగ్గి, వేగం 16.7 ఎంబీ అయింది. ప్రాసెసర్‌తో పని లేకుండా డేటాను మెమరీకి చేర్చే అల్ట్రా డీఎంఏ వచ్చాక అదే 120 నానోసెకన్ల గడియార చక్రంలో, సంకేతం ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి డేటాను పంపడం మొదలుపెట్టారు. దాంతో వేగం రెట్టింపై 33.3 ఎంబీకి చేరింది, దీన్నే మనం ఏటీఏ-33 అన్నాం (ఏటీఏ అన్నది ఐడీఈకే మరో పేరు). చక్రాన్ని 60 నానోసెకన్లకు కుదిస్తే 66.7, 40కి కుదిస్తే 100, 30కి కుదిస్తే 133 ఎంబీ వస్తాయి. ఐడీఈ చరిత్ర మొత్తం ఈ నానోసెకన్ల కుదింపులోనే ఉంది.

స్కజీకీ ఇదే సూత్రం. 1986 నాటి మొదటి ప్రమాణంలో 8 బిట్ల వెడల్పు, 5 మెగాహెర్ట్జ్ వేగం ఉండేవి కాబట్టి సెకనుకు 5 ఎంబీ. ఫాస్ట్ స్కజీలో వేగం 10 మెగాహెర్ట్జ్ అయింది, వైడ్ అన్న మాట చేరితే వెడల్పు 16 బిట్లయింది, రెండూ కలిస్తే 20 ఎంబీ. అల్ట్రా వైడ్ 40, అల్ట్రా2 వైడ్ 80 ఎంబీ. అల్ట్రా160లో 40 మెగాహెర్ట్జ్ గడియారం రెండు అంచుల మీదా రెండేసి బైట్లు పంపి 160కి చేరుకుంది. పేరులో ఫాస్ట్, వైడ్, అల్ట్రా అన్న మాటల్లో ఏవి ఉన్నాయో చూసి వేగాన్ని మీరే రాబట్టుకోవచ్చు.

మూడో మెట్టు: పళ్లెం మీది వేగం

డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీద, చదివి రాసే తల (హెడ్) కింద నుంచి సెకనుకు ఎంత డేటా జారుతుందన్నదే అసలు పరిమితి. ఒక ట్రాకులోని (పళ్లెం మీది ఒక వలయంలోని) సెక్టార్ల, అంటే 512 బైట్ల ముక్కల, సంఖ్యను 512తో గుణించి, సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో దానితో మళ్లీ గుణిస్తే ఆ వేగం వస్తుంది.

దీన్ని ఫ్లాపీతో సరిచూసుకోవడం తేలిక. 1.44 ఎంబీ ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు, అంటే సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది. ట్రాకుకు 18 సెక్టార్లు. 18ని 512తో, ఆపైన 5తో గుణిస్తే సెకనుకు 46,080 బైట్లు. ఫ్లాపీని నడిపే చిప్పు, అంటే కంట్రోలర్, వేగం సెకనుకు 500 కిలోబిట్లు, అంటే 62,500 బైట్లు. మిగిలిన నాలుగో వంతు ఎక్కడికి పోయిందంటే, సెక్టార్ల మధ్య వదిలిన ఖాళీలకు, ప్రతి సెక్టారుకు ముందు రాసే చిరునామాకు, తప్పులను పట్టే అంకెలకు. మొత్తం ఫ్లాపీ మీద 14,74,560 బైట్లు పడతాయి కాబట్టి, ఒక్క క్షణం కూడా వృథా కాకపోయినా దాన్ని పూర్తిగా చదవడానికి 32 సెకన్లు తప్పవు.

తొలి హార్డ్ డిస్కుల విషయం మరింత బోధపరుస్తుంది. 1980లో వచ్చిన ఎస్‌టీ-506 ఇంటర్‌ఫేస్ వేగం సెకనుకు 5 మెగాబిట్లు. ట్రాకుకు 17 సెక్టార్లు, నిమిషానికి 3,600 చుట్లు. లెక్క ప్రకారం సెకనుకు 5,22,240 బైట్లు రావాలి. కానీ ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో ఆ వేగం దరిదాపుల్లోకి కూడా రాలేదు. కంట్రోలర్ ఒక సెక్టారును చదివి కంప్యూటర్ మెమరీలోకి పంపేలోపే తర్వాతి సెక్టార్లు తల కింద నుంచి దాటిపోయేవి. అది మళ్లీ రావాలంటే పూర్తి చుట్టు ఆగాలి. అందుకని సెక్టార్లను వరుసగా కాకుండా ఎడమిచ్చి అంకెలు వేసేవారు, దీన్నే ఇంటర్‌లీవ్ అంటారు. ఎక్స్‌టీలో ఇది ఆరు, అంటే ఒక ట్రాకును పూర్తిగా చదవడానికి ఆరు చుట్లు. వేగం సెకనుకు 87,040 బైట్లకు పడిపోయింది. దాని తర్వాత వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో ఇంటర్‌లీవ్ మూడు కావడంతో అదే ఇంటర్‌ఫేస్, అదే పళ్లెం వేగంతో రెట్టింపు డేటా అందింది. మారింది కంట్రోలరూ దాని వెనకున్న యంత్రమూ మాత్రమే. ఇంటర్‌ఫేస్ పేరు మాత్రమే చూసి పోల్చేవారికి ఈ తేడా ఎప్పటికీ అంతుపట్టదు.

తర్వాతి కాలపు డిస్కుల్లో బయటి ట్రాకులకు ఎక్కువ సెక్టార్లు, లోపలి ట్రాకులకు తక్కువ సెక్టార్లు పెట్టారు. కాబట్టి ఒకే డిస్క్ మొదట్లో వేగంగా, చివర్లో దాదాపు సగం వేగంతో నడుస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో బయటి ట్రాకుకు 700 సెక్టార్లుంటే వేగం సెకనుకు 43 ఎంబీ. దానిని ఏటీఏ-66కి కలిపినా, ఏటీఏ-133కి కలిపినా, సాటాకు కలిపినా ఆ 43 మారదు. సీగేట్ బారకుడా 7200.7 డిస్కులు ఐడీఈ రూపంలోనూ సాటా రూపంలోనూ వచ్చాయి. వాటిని వరుసగా చదివి కొలిచేవారు ఇంటర్‌ఫేస్ మార్పు వల్ల పెద్ద లాభాన్ని ఆశించనక్కరలేదు.

నాలుగో మెట్టు: దారిలోని ఇరుకులు

డిస్కుకూ ప్రాసెసరుకూ మధ్య ఇంకా ఏమేమి ఉన్నాయో కాగితం మీద గీసుకోవాలి. మదర్‌బోర్డు మీది కార్డులకు డేటా మోసే దారి అయిన 32 బిట్ల, 33 మెగాహెర్ట్జ్ పీసీఐ బస్సు గరిష్ఠ వేగం సెకనుకు 133 ఎంబీ, అదీ ఆ బస్సు మీదున్న కార్డులన్నిటికీ కలిపి. అలాంటి స్లాటులో అల్ట్రా160 కార్డు పెడితే, కార్డు పేరులోని 160 ఎన్నడూ కనబడదు.

ఐడీఈలో ఒకే కేబుల్ మీద మాస్టర్, స్లేవ్ అనే రెండు డిస్కులూ ఉన్నప్పుడు ఒక సమయంలో ఒకటే మాట్లాడగలదు. ఒకదాని నుంచి మరొకదానికి కాపీ చేస్తే ఒక్కోటి తన వంతు కోసం ఆగుతుంది. వీలైతే రెండింటినీ వేర్వేరు కేబుళ్లకు కలపాలి. స్కజీలో మరో ప్రమాదం ఉంది. అల్ట్రా160 డిస్కులున్న గొలుసుకు పాత రకపు సింగిల్ ఎండెడ్ పరికరం ఒక్కటి తగిలిస్తే, ఆ గొలుసు మొత్తం పాత విద్యుత్ పద్ధతికి దిగిపోయి 40 ఎంబీకి మించి పోదు. పాత స్కానరో టేప్ డ్రైవో కలిసి ఉన్న గొలుసులో వేగం తగ్గితే ముందుగా చూడవలసింది దీన్నే.

యూఎస్‌బీ, ఫైర్‌వైర్‌ల పోలిక దగ్గర చాలామంది పొరబడతారు, కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. కాగితం మీద యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు, ఫైర్‌వైర్ 400 వేగం 393 మెగాబిట్లు. యూఎస్‌బీయే గెలవాలి. అయితే యూఎస్‌బీ 2.0లో కాలాన్ని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా కోస్తారు, ఒక్కో ముక్కలో 512 బైట్ల పొట్లాలు 13కి మించి పట్టవు. సెకనుకు అలాంటి ముక్కలు 8,000. గుణిస్తే 53 ఎంబీ, అంటే 60లో ఏడు అప్పుడే పోయాయి. దానిపైన డిస్కుల కోసం వాడే పద్ధతిలో ఆజ్ఞ పంపడం, డేటా తెచ్చుకోవడం, స్థితి అడగడం ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. ప్రతి దశలోనూ కంప్యూటరే అడగాలి, డిస్క్ తనంతట తాను ఏదీ చెప్పలేదు. అందువల్ల ఆచరణలో 30 నుంచి 35 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఫైర్‌వైర్‌లో పరికరమే నేరుగా కంప్యూటర్ మెమరీలోకి రాయగలదు కాబట్టి, కాగితం మీది 49 ఎంబీలో పెద్ద వాటాను నిలబెట్టుకుంటుంది. ఒకే డిస్కును రెండు విధాలా కలిపి కొలిస్తే మామూలుగా ఫైర్‌వైర్ ముందుంటుంది.

ఐదో మెట్టు: కొలిచే ముందు జాగ్రత్త

పాత డిస్కులో ఇంకెక్కడా లేని డేటా ఉంటే, దాన్ని ముందు కాపీ చేయాలి, ఆ తర్వాతే వేగం కొలవాలి. పరీక్షల కోసం తలను అటూ ఇటూ తిప్పడం, అలసిన డిస్కుకు ఆఖరి దెబ్బ కావచ్చు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. నిజానికి రెండు పనులూ ఒకేసారి జరిపించవచ్చు. లైనక్స్‌లో దొరికే డీడీరెస్క్యూ ప్రోగ్రాము డిస్కును మొదటి నుంచి చివరిదాకా చదువుతూ, ప్రస్తుత వేగాన్నీ సగటు వేగాన్నీ తెర మీద చూపుతుంది. మొదట్లో, మధ్యలో, చివర్లో ఆ అంకెలను రాసుకుంటే చాలు, కాపీ ముగిసేసరికి కొలత కూడా ముగుస్తుంది.

కొలతకు కూర్చున్నప్పుడు రాసే పరీక్షలు వద్దు, చదివే పరీక్షలే చేయాలి. కేబుల్‌ను కళ్లతో చూడాలి. పాత ఐడీఈ రిబ్బన్‌లో 40 తీగలు ఉంటాయి, వెడల్పుగా, గరుకుగా, వేళ్లతో ఒక్కొక్క తీగ లెక్కపెట్టగలిగేలా కనిపిస్తాయి. కొత్త రిబ్బన్ అంతే వెడల్పులో 80 సన్నటి తీగలతో పట్టుగుడ్డలా నున్నగా ఉంటుంది. అదనపు 40 తీగలూ సంకేతాల మధ్య అడ్డుగోడల్లా భూమికి కలిపినవే. ఆ కేబుల్‌కు మూడు రంగుల కనెక్టర్లుంటాయి: నీలం మదర్‌బోర్డుకు, నలుపు మాస్టర్‌కు, బూడిదరంగు స్లేవ్‌కు. 40 తీగల కేబుల్‌తో 33 ఎంబీకి మించిన మోడ్ పని చేయదు, డిస్క్ మీద 100 అని రాసి ఉన్నా సరే. 80 తీగల రిబ్బన్లు ఇప్పుడు కొత్తవి అరుదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత సామాను దుకాణాల్లో వెతకాల్సిందే. వాడినది కొంటే కనెక్టర్ దగ్గర మడత పడిందేమో తప్పక చూడాలి.

ఆ మడత గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. ఒక ముద్రణాలయం వారి 80 జీబీ డిస్కును ఒకసారి నా బల్ల మీద పెట్టుకున్నాను. విండోస్ ఎక్స్‌పీలో సెకనుకు 3 ఎంబీ మాత్రమే వస్తోంది, ప్రాసెసర్ పూర్తిగా ఆ పనిలోనే మునిగిపోతోంది. ఆ లెక్కన డిస్క్ మొత్తం కాపీ కావడానికి ఏడు గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది. డిస్క్ చెడిపోతోందని వారు భయపడ్డారు. డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ చానెల్ తెరిచి చూస్తే ప్రస్తుత మోడ్ పీఐఓ అని ఉంది. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో 199వ అంశం, అంటే కేబుల్ మీద దొర్లిన తప్పుల సంఖ్య, వందల్లో ఉంది. చెడిన సెక్టార్ల సంఖ్య మాత్రం సున్నా. ఎక్స్‌పీకి ఒక అలవాటుంది: ఇలాంటి తప్పులు పదే పదే వస్తే మోడ్‌ను మెట్టు మెట్టుగా దించుతూ చివరికి పీఐఓలో వదిలేస్తుంది, కేబుల్ మార్చినా తనంతట తాను తిరిగి ఎక్కదు. కేబుల్ మార్చి, డివైస్ మేనేజర్‌లో ఆ చానెల్‌ను తీసేసి, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేశాం. అల్ట్రా డీఎంఏ ఐదో మోడ్ కనిపించింది. మొదట్లో 46, చివర్లో 25 ఎంబీ వచ్చాయి. డిస్క్ ఆరోగ్యంగానే ఉంది, లోపమల్లా నలిగిన ఒక రిబ్బన్‌ది.

ఆరో మెట్టు: కొలత

లైనక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే చిన్న ప్రోగ్రాము ఈ పనికి చాలు. పెద్ద ఐ అక్షరపు ఎంపికతో నడిపితే, డిస్కుకు తెలిసిన మోడ్‌లన్నీ చూపించి, ప్రస్తుతం వాడుతున్న దాని పక్కన నక్షత్రపు గుర్తు పెడుతుంది. చిన్న టీ అక్షరపు ఎంపిక డిస్కు మొదటి భాగాన్ని కొన్ని సెకన్లు వరుసగా చదివి వేగం చెబుతుంది. పెద్ద టీ అక్షరంతో వచ్చే అంకె కంప్యూటర్ మెమరీ వేగం మాత్రమే, దాన్ని డిస్కు వేగంగా పొరబడకూడదు. డైరెక్ట్ అన్న ఎంపికను చేరిస్తే కంప్యూటర్ కాష్ (మెమరీలో దాచుకున్న కాపీ) ప్రమేయం తప్పుతుంది. ఆఫ్‌సెట్ ఎంపికతో ఎన్నో జీబీ నుంచి చదవాలో చెప్పవచ్చు కాబట్టి డిస్క్ మొదలు, నడుమ, చివర విడివిడిగా కొలవాలి. ప్రతి చోటా మూడుసార్లు కొలిచి మధ్య విలువను తీసుకోవాలి. విండోస్‌లో హెచ్‌డీ ట్యూన్ వంటి ప్రోగ్రాములు ఈ మూడు చోట్లనూ ఒకే గీతగా గీసి చూపుతాయి. ఆ గీత బయటి నుంచి లోపలికి మెట్లు మెట్లుగా దిగుతుంటే పరిమితి పళ్లెందే. గీత మొదటి నుంచి చాలా దూరం బల్లపరుపుగా సాగి, చివర్లో మాత్రమే దిగితే, ఆ బల్లపరుపు భాగంలో ఇంటర్‌ఫేస్ అడ్డుపడుతోందని అర్థం. పోలిక చేసేవారికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం దొరకదు.

డిస్కు పరిమితిని దాటి ఇంటర్‌ఫేస్‌నే కొలవాలంటే, దానికి తనకన్నా వేగమైన పరికరాన్ని కలపాలి. పాత యంత్రాలకు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు బాగా పనికొస్తుంది, అది ఐడీఈ భాషనే మాట్లాడుతుంది. అయితే చవక అడాప్టర్లలో కొన్నిటికి డీఎంఏ తీగలు కలిపి ఉండవు, అప్పుడు కార్డు పీఐఓలోనే నడిచి ఇంటర్‌ఫేస్ మీద అన్యాయంగా నింద పడుతుంది. కొత్త ఐడీఈ కంట్రోలర్లకైతే సాటా ఎస్‌ఎస్‌డీని మార్పిడి బోర్డు ద్వారా కలిపి చూడవచ్చు.

వరుస చదువుతో పాటు చెదురుమదురు చదువును కూడా ఒకసారి కొలవండి. 7,200 చుట్ల డిస్కుకు తల కదలడానికి సుమారు 9 మిల్లీసెకన్లు, సెక్టారు తిరిగి రావడానికి సగటున 4.17 మిల్లీసెకన్లు పడతాయి. అంటే సెకనుకు 76 చదువులు. ఒక్కోసారి 4,096 బైట్లు తెచ్చినా మొత్తం 0.3 ఎంబీ. వేలకొద్దీ చిన్న ఫైళ్లున్న ఫోల్డరును కాపీ చేస్తే పాత ఏటీఏ-33 అయినా, సాటా అయినా దాదాపు ఒకే నత్తనడక నడవడానికి కారణం ఇదే. అందుకే ఫైళ్లుగా కాపీ చేయకుండా మొత్తం డిస్కు ప్రతిబింబాన్ని (ఇమేజ్‌ను) ఒకేసారి తీసుకోవడం ఎంతో త్వరగా ముగుస్తుంది.

ఏడో మెట్టు: అంకెలను సమయంగా మార్చడం

కొలిచిన వేగాలను పక్కపక్కన రాసేటప్పుడు, ప్రతి దానికీ 40 జీబీ డిస్కు కాపీకి పట్టే సమయాన్ని కూడా రాయండి. యూఎస్‌బీ 1.1 ద్వారా ఆచరణలో సెకనుకు 1 ఎంబీ దగ్గర వస్తుంది, అంటే 11 గంటల 7 నిమిషాలు. యూఎస్‌బీ 2.0 అడాప్టర్ ద్వారా 30 ఎంబీ వస్తే 22 నిమిషాలు. అదే డిస్కును నేరుగా ఐడీఈకి కలిపి సగటున 36 ఎంబీ వస్తే పద్దెనిమిదిన్నర నిమిషాలు. యూఎస్‌బీ 2.0 నుంచి ఐడీఈకి మారి మిగిల్చుకున్నది నాలుగు నిమిషాలలోపే. అందుకోసం పాత మదర్‌బోర్డును వెతికి బిగించడం అనవసరమని నేను చెబుతాను. మీ అడాప్టర్ పొరపాటున యూఎస్‌బీ 1.1 పోర్టులోనో, పాత హబ్బులోనో ఉంటే మాత్రం, దాన్ని మార్చడం వల్ల పదిన్నర గంటలకు పైగా మిగులుతుంది.

చివరగా, ప్రతి కొలత పక్కనా తేదీ, డిస్కు మోడల్, అది నడిచిన మోడ్, కేబుల్‌లో తీగలు 40నా 80నా, కలిపిన కంట్రోలర్, 199వ అంశం విలువ రాసి, ఆ కాగితాన్ని డిస్కు ఉంచిన సంచిలోనే పెట్టండి. ఆరు నెలల తర్వాత అదే డిస్కును మళ్లీ కొలిచినప్పుడు, మిగతావన్నీ అలాగే ఉండి వేగం ఒక్కటే తగ్గితే, అప్పుడు డిస్కునే అనుమానించాలి.